తుపాకి వెనక వచ్చిన కలం

మానవశాస్త్రం గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు మన సాహిత్య విమర్శకులు సాధారణంగా రెండు మాటలతో సరిపెడుతుంటారు. అది వలసపాలకుల చేతి పనిముట్టు అన్నది ఒక మాట. గిరిజన సంస్కృతిని అక్షరాల్లో నిలబెట్టిన ఘనత దానిదేనన్నది రెండో మాట. మొదటిది మన సభల్లో ఎక్కువగా వినబడుతుంది, రెండోది విశ్వవిద్యాలయాల సదస్సుల్లో. రెండూ అబద్ధాలు కావు. అయితే రెండూ ఆలోచన ఆగిపోయిన చోట చెప్పుకునే మాటలు. ఒక సమాజంలోని సంఘర్షణను పరిశోధించడానికి బయటినుంచి వచ్చిన పండితుడు ఏ అధికారం నీడలో వచ్చాడు, ఏం చూడగలిగాడు, చూసినదాన్ని ఏ పుస్తకంలో పెట్టాడు, ఏ పుస్తకంలో పెట్టలేదు అన్న ప్రశ్నలు వేసుకోకుండా ఆయనను పొగిడినా తిట్టినా ఒకటే. ఆదిలాబాదు గోండుల మీద జరిగిన పరిశోధన చరిత్ర ఈ ప్రశ్నలకు మంచి గీటురాయి అని నా అభిప్రాయం.

1940లో జోడేఘాట్ గుట్టల్లో నైజాం పోలీసుల కాల్పుల్లో కుమ్రం భీం, ఆయన సహచరులు చనిపోయారు. బాబేఝరి, పట్నాపూర్, జోడేఘాట్ తదితర పన్నెండు గూడేల గోండులు, కోలాములు తమ భూమి మీద, అడవి మీద తమకే హక్కు ఉండాలని పట్టుబట్టిన ఫలితం అది. (కుమ్రం అన్నది గోండు వంశనామం. తెలుగు నోట అది కొమురం అయింది, కొమరం అయింది, కుమురం కూడా అయింది. మనకు దగ్గరి ధ్వనిలోకి ఒక పేరును తిప్పుకోవడం అభిమానంతో చేసే పనే కావచ్చు. కానీ పేరు పోతే వంశం పోతుంది, వంశం పోతే గోండు సమాజపు పునాది అర్థం కాదు.)

ఆ కాల్పులకు కారణాలు ఒక్కరోజులో పుట్టలేదు. గోండులు తేలిక నేలలను కొన్నేళ్ళు దున్ని, తరువాత బీడు పెట్టి, మరో చోటికి జరిగేవారు. బీడు పెట్టిన నేల వాళ్ళ లెక్కలో విశ్రాంతి తీసుకుంటున్న నేల. అటవీశాఖ హద్దురాళ్ళు పాతేటప్పుడు అదే నేల అడవి అయింది. రెవెన్యూశాఖ కొలతలు వేసేటప్పుడు అదే నేల ఖాళీ భూమి అయింది. సివాయి జమాబందీ కింద దున్నుకుంటున్న వాడికి తన పేరు కాగితం మీద లేదన్న సంగతే తెలియదు. కాగితం భాష ఉర్దూ, బజారు భాష మరాఠీ, కింద మైదానంలో తెలుగు, ఇంటి భాష గోండి. పట్టా అంటే ఏమిటో తెలిసినవాడు పట్టాదారు అయ్యాడు. నాగలి పట్టినవాడు తన చేలోనే పాలేరు అయ్యాడు. 1920ల చివర కాజీపేట నుంచి బల్లార్షా వరకు రైలుమార్గం పూర్తయ్యాక ఈ ప్రక్రియ వేగం పుంజుకుంది. పత్తి, కలప బయటికి పోయాయి. వడ్డీవ్యాపారులు, భూమికోసం చూసే మైదానపు రైతులు లోపలికి వచ్చారు. ఈ రైలు సంగతి గుర్తుంచుకోవాలి, మళ్ళీ దానితో పని ఉంది.

కాల్పులు జరిగాక ప్రభుత్వానికి ఒక సందేహం వచ్చింది. ఈ జనం ఎందుకు తిరగబడ్డారు? ఏ రాజ్యమైనా తుపాకి పేల్చిన తరువాతనే ఈ ప్రశ్న వేస్తుంది. గోదావరికి ఈవల రంపలో 1879లోను, అల్లూరి కాలంలో 1922-24లోను ఇదే వరస. అయితే ఆదిలాబాదులో ప్రశ్నకు జవాబు వెతకడానికి వెళ్ళినవాడు పోలీసు అధికారి కాదు, వియన్నాలో చదువుకున్న మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్.

ఆయన పరిస్థితి చిత్రమైనది. 1909లో వియన్నాలో పుట్టాడు. లండనులో మాలినోవ్‌స్కీ దగ్గర శిక్షణ పొందాడు. 1936-37లో నాగాల మధ్య పనిచేశాడు. 1939లో రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యేనాటికి ఇండియాలో ఉన్నాడు. ఆస్ట్రియాను అంతకుముందు ఏడాదే హిట్లరు కలుపుకున్నందున ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు, అంటే బ్రిటిషువారి లెక్కలో శత్రుదేశస్థుడు. హైదరాబాదు సంస్థానం దాటిపోకూడదన్న ఆంక్ష మీద ఆయనను వదిలారు. ఆ ఆంక్షే ఆయనను అమ్రాబాదు చెంచుల దగ్గరికి, గోదావరి కొండరెడ్ల దగ్గరికి, చివరకు ఉట్నూరు గోండుల దగ్గరికి తీసుకువచ్చింది. యుద్ధకాలంలో సామ్రాజ్యం అనుమానించిన మనిషి, సామ్రాజ్యపు సామంతరాజ్యం అనుమానించిన జనాన్ని అధ్యయనం చేశాడన్న మాట. దీన్నిబట్టి ఆయన గోండులతో సమానస్థితిలో ఉన్నాడనుకోవడం అమాయకత్వం. మార్లవాయిలో ఆయన కట్టుకున్న గుడిసె వెనక నైజాం రెవెన్యూశాఖ ఉంది, ఆ శాఖలో బస్తరు మరియాల మీద పుస్తకం రాసిన గ్రిగ్సన్ ఉన్నాడు. 1945 తరువాత హైమండార్ఫే గిరిజనుల విషయాల్లో నైజాం ప్రభుత్వ సలహాదారు.

సలహాదారుగా, పరిశోధకుడిగా ఆయన చేసిన పని చిన్నది కాదు. తిరుగుబాటుకు మూలం గోండుల అజ్ఞానంలోనో, ఎవరో బయటివాళ్ళ ప్రేరేపణలోనో లేదని, భూమి పరాధీనం కావడంలోను, అటవీ హద్దుల్లోను, చిన్న ఉద్యోగుల దోపిడీలోను ఉందని ఆయన నివేదికలు తేల్చిచెప్పాయి. ఆ నివేదికలు 1945లో పుస్తకంగా వచ్చాయి. వాటి ఫలితంగా లక్షన్నర ఎకరాలకు పైగా భూమికి గోండుల, కోలాముల పేర పట్టాలు పుట్టాయి. గిరిజన ప్రాంతాల రెగ్యులేషను వచ్చింది. స్వాతంత్ర్యానంతరం 1959లో, 1970లో వచ్చిన భూబదలాయింపు నిషేధ చట్టాలకు ఇది ముందు మెట్టు. కాబట్టి మానవశాస్త్రం ఒట్టి పనిముట్టు అని ఎవరైనా అంటే, ఎవరి చేతిలో, ఏ రోజున, ఎటు తిరిగిన పనిముట్టు అని అడగాలి.

కానీ ఆయన రచనల్లో నన్ను చాలాకాలంగా ఇబ్బంది పెడుతున్నది మరొకటుంది. 1948లో వచ్చిన ఆయన ప్రధాన గ్రంథం ఆదిలాబాదు రాజగోండుల మీదిది. ఉపశీర్షికలో వాళ్ళది దక్కను రైతు సంస్కృతి అన్నాడు. తెగ అనలేదు, రైతు అన్నాడు. చాలా ముఖ్యమైన మాట ఇది. తీరా పుస్తకం తెరిస్తే అది పురాణాలు, కర్మకాండల సంపుటం. దేవుళ్ళు, పూజలు, వంశాల పుట్టుక, జాతరలు అందులో ఉన్నాయి. భూమి, అప్పు, పటేలు, అటవీ జవాను, జోడేఘాట్ నివేదికల్లో ఉన్నాయి. పండితుల కోసం రాసిన పుస్తకంలో గోండుకు దేవుడున్నాడు, సర్కారు కోసం రాసిన కాగితంలో గోండుకు పొలం ఉంది. ఒకే మనిషి ఒకే గుడిసెలో కూచుని రాసిన రెండు గ్రంథాల మధ్య ఈ చీలిక ఎందుకొచ్చింది? గోండుల జీవితంలో ఈ చీలిక లేదు. ఊరి పొలిమేరను కాసే అకిపేన్ ఆ నేలకు కట్టుబడిన దేవత. ఊరు ఖాళీ చేయించినప్పుడు రైతు ఒక్కడే లేచిపోడు, దేవత దిక్కులేనిదవుతుంది. పెర్సాపేన్ పూజకు వంశమంతా ఒకచోట చేరాలంటే చేరడానికొక చోటు ఉండాలి. పురాణం వేరు, పట్టా వేరు అనుకున్నది గోండు కాదు, విశ్వవిద్యాలయం. ఈ శ్రమవిభజన మన తెలుగు శాఖల్లోనూ యథాతథంగా ఉంది. జానపద గేయాలు సేకరించేవాడు పాడినవాడి కూలిరేటు అడగడు.

ఆ పురాణ సంపుటం విలువ మాత్రం తక్కువ కాదు. సాహిత్య విద్యార్థులు అందులో ప్రధానుల మీద ఉన్న భాగాలను తప్పక చదవాలి. గోండుల ఆదిపురాణం, పహండి కుపార్ లింగల్ కథ, గుహలో బందీలైన గోండు దేవతలను ఆయన విడిపించి నాలుగు, ఐదు, ఆరు, ఏడు అన్నదమ్ముల సగలుగా విభజించిన వృత్తాంతం, ఏ వంశం ఎక్కడినుంచి ఎక్కడికి నడిచిందన్న గాథలు గోండులు స్వయంగా పాడరు. కింగ్రి వాయిస్తూ ప్రధానులు పాడతారు. ప్రధానులు గోండులు కారు. ప్రతి ప్రధాను కుటుంబానికి ఒక గోండు దాత కుటుంబం తరతరాలుగా ఉంటుంది. గోండులు తమకంటే వాళ్ళను తక్కువగా చూస్తారు, వాళ్ళ చేతి అన్నం తినరు. ఇంట్లో ప్రధానులు చాలామంది మాట్లాడేది మరాఠీ. పాడేది గోండి.

ఈ విషయాన్ని కొంచెం నిదానంగా ఆలోచించాలి. ఒక జాతి అస్తిత్వం, అంటే నేనెవరు, నా దేవుడెవరు, నేను ఎవరి పిల్లను చేసుకోవచ్చు, ఎవరిని చేసుకోకూడదు అన్న జ్ఞానమంతా, ఆ జాతికి చెందని, ఆ జాతి తక్కువగా చూసే, వేరే భాష మాట్లాడే మరొకరి గొంతులో భద్రంగా ఉంది. అస్తిత్వం రక్తంలో ఉంటుందనేవాళ్ళకు దీనికి సమాధానం లేదు. అలాగని దీన్ని పరస్పర సహకారమని మురిసిపోవడానికీ లేదు. పాటకు ధాన్యం, గొడ్డు ఇచ్చే దాతకు, తీసుకునే గాయకుడికి మధ్య ఉన్నది అసమానత. దాత పొలం పోయిననాడు ప్రధాను పాట కూడా పోవడం మొదలయింది. హైమండార్ఫ్ ఈ సంబంధాన్ని వివరంగా వర్ణించాడు. అసమానతను దాచలేదు. కానీ దాన్ని ఒక వ్యవస్థలోని పొందికగా చూశాడే తప్ప, అందులో ప్రధాను ఏమనుకునేవాడో అడగలేదు. అది ఆయన కాలపు మానవశాస్త్ర దృష్టి.

ఇటువంటి ముడులు ఆ నేలమీద ఇంకా ఉన్నాయి. కేస్లాపూర్ నాగోబా మెస్రం వంశం దేవుడు. పుష్యమాసపు జాతరకు ముందు మెస్రం వాళ్ళు కాలినడకన గోదావరి దాకా వెళ్ళి నీళ్ళు తెస్తారు. పూజకు కావలసిన కుండలు చేసేది మాత్రం సిరికొండలోని తెలుగు కుమ్మరులు. ఆ జాతరలోనే అధికారులు కూచుని గోండుల ఫిర్యాదులు వినే దర్బారును 1940లలో హైమండార్ఫ్ ప్రోద్బలంతో మొదలుపెట్టారు. దేవుడి దగ్గరికి వచ్చిన జనానికి సర్కారు అక్కడే దర్శనమిచ్చే ఈ ఏర్పాటులో సౌలభ్యం ఉంది, తెలివీ ఉంది. విజ్ఞాపన పత్రం పట్టుకుని వరసలో నిలబడ్డ మనిషి జోడేఘాట్ వైపు చూడడు.

1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రం ప్రారంభమైంది. గోండి భాషలో, దేవనాగరి లిపిలో వాచకాలు తయారయ్యాయి. ఆ ప్రాంతం గోండులకు అప్పటికి మరాఠీతో పరిచయం ఎక్కువ గనుక ఆ లిపిని ఎంచుకున్నారు. బడిపంతులుగా నాకు హైమండార్ఫ్ గ్రంథాలన్నిటికంటే ఈ వాచకాలే పెద్ద పనిగా కనిపిస్తాయి. అదే 1943లో ఘుర్యే బొంబాయినుంచి గిరిజనులంటే వెనకబడిన హిందువులేనని ఒక పుస్తకం వెలువరించాడు. వాళ్ళను కదిలించకుండా కాపాడాలన్న ధోరణిలో ఎల్విన్ అదే ఏడు ఇంకో చిన్న పుస్తకం రాశాడు. కలిపేసుకోవడమా, విడిగా ఉంచడమా అని దేశమంతా పండితులు తగువులాడుతున్నప్పుడు, మార్లవాయి గుడిసెలో గోండు పిల్లవాడు తన భాషలో తన పేరు రాయడం నేర్చుకున్నాడు. ఆ తగువుకు ఇంతకంటే మంచి జవాబు మరెవరూ చెప్పలేదు. ఆదిలాబాదు 1956లో ఆంధ్రప్రదేశ్‌లో చేరింది. గోండి వాచకాలు మూలకు పోయాయి, తెలుగు వాచకాలు వచ్చాయి. భాషాప్రయుక్త రాష్ట్రం కోసం పోరాడిన మనం, ఇంకొక భాష పిల్లవాడికి మన భాషలో మొదటి అక్షరం దిద్దించడంలో తప్పేమీ చూడలేదు. అభ్యుదయ రచయితలు కూడా ఆనాడు దీన్ని పెద్దగా పట్టించుకోలేదు.

హైమండార్ఫ్ 1970లలో తిరిగివచ్చాడు. ఆయన చూసిన ఆదిలాబాదు వేరు. పట్టాలు ఇప్పించిన భూములు మళ్ళీ చేతులు మారాయి. చట్టం ఉంది, భూమి లేదు. మైఖేల్ యార్క్, జయప్రకాశరావులు రాసిన భాగాలను కూడా కలుపుకుని, భారతీయ గిరిజనుల బతుకుపోరును గురించి 1982లో ఆయన ఒక గ్రంథం వెలువరించాడు. అందులో పురాణాన్ని వెనక్కి నెట్టి భూమి ముందుకు వచ్చింది. 1948 నాటి చీలిక ఆయన కలంలో అప్పటికి గాని పూడలేదు. పూడ్చినవి మాత్రం పుస్తకాలు కావు. అంతకు ఏడాది ముందు, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో గిరిజన రైతుకూలీ సంఘం సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలో చనిపోయినవారు 13 మంది. జనం లెక్క దానికి ఎన్నోరెట్లు.

ఇంద్రవెల్లి తరువాత 1983లో అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీం' నవల వచ్చింది. పండితుడి నివేదికల్లో భీం ఒక కారణానికి ఫలితం, ఒక ఫిర్యాదుకు సంకేతం. నవలలో ఆయన ఆలోచించే మనిషి అయ్యాడు. గూడేల్లో మిగిలిన జ్ఞాపకాలను ఆధారం చేసుకుని, అధికార కాగితాలు ఇవ్వలేనిదాన్ని నవల ఇచ్చింది. అది సాహిత్యం సాధించిన విజయం. అయితే నవలలో భీం నడిచే దారి 1980ల నాటి ఉద్యమకారుడి దారికి చాలా దగ్గరగా ఉంటుందన్న సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆయన విశ్వాసాలు, ఆయన దేవుళ్ళు అందులో నేపథ్యంగా మిగిలాయి. పండితుడు గోండును పొలం నుంచి విడదీసి దేవుడి దగ్గర కూచోబెట్టాడు. మనం దేవుడి నుంచి విడదీసి పొలంలో నిలబెట్టాం. ఇక 2022లో వచ్చిన సినిమా భీంను అల్లూరికి స్నేహితుణ్ణి చేసింది. 1924లోనే చనిపోయిన అల్లూరికీ భీంకూ పరిచయమున్నట్టు చరిత్రలో ఏ దాఖలా లేదు. ఇది కల్పన అని సినిమావాళ్ళే చెప్పుకున్నారు గనుక దానితో తగువు అక్కరలేదు.

భీం చనిపోయిన తేదీ విషయంలోనూ ఇలాంటిదే ఒక పేచీ ఉంది. కాగితాలను బట్టి ఒకరు సెప్టెంబరు అంటారు, మరొకరు అక్టోబరు అంటారు. జోడేఘాట్‌లో మాత్రం ఆశ్వయుజ పౌర్ణమి నాడు వర్ధంతి జరుగుతుంది. ఏడాదికొక తేదీన వచ్చే ఆ వర్ధంతికి చివరకు ప్రభుత్వమే తన క్యాలెండరును సర్దుకోవలసి వచ్చింది.

ఇప్పుడు రైలు దగ్గరికి వద్దాం. 1982 పుస్తకంలో హైమండార్ఫ్ తీవ్రంగా రాసిన విషయాల్లో లంబాడాల సంగతి ఒకటి. 1976లో తెలంగాణ లంబాడాలను షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చారు. పక్కనే మహారాష్ట్రలో వాళ్ళు ఆ జాబితాలో లేరు. హద్దు దాటితే హక్కు వస్తుందన్నప్పుడు ఎవరైనా హద్దు దాటుతారు. దీనివల్ల గోండుల భూమి మీద, ఉద్యోగాల మీద ఒత్తిడి పెరుగుతుందని ఆయన హెచ్చరించాడు. ఆ హెచ్చరిక ఒట్టిది కాలేదు. 2017 చివరి నెలల్లో ఉమ్మడి ఆదిలాబాదు ఆదివాసి గూడేల్లో లంబాడా ఉపాధ్యాయులు తమ బడులకు రావద్దన్నారు. ఉట్నూరులో ఘర్షణలు జరిగాయి. ఒక పంతులు బడి గడప దగ్గర ఆగిపోవలసిరావడం నాకు మామూలు వార్త కాదు. ఆ గూడెం తల్లిదండ్రులకు ఆ పని చెయ్యవలసిరావడం కూడా మామూలు విషయం కాదు.

ఈ తగాదాలో హైమండార్ఫ్ పుస్తకాన్ని ఒక పక్షం సాక్ష్యంగా చూపించింది. చూపించడంలో తప్పులేదు. కానీ ఆయన చూపు గోండు గూడెం దగ్గర ఆగిపోయింది. లంబాడా ఎక్కడినుంచి, ఎందుకు వచ్చాడో ఆయన ప్రశ్న కాలేదు. ఆ ప్రశ్న వేసినవాడు భంగ్యా భూక్యా. లంబాడా సమాజంలో పుట్టిన చరిత్రకారుడు. నైజాం పాలనలో లంబాడాల మీద 2010లో వచ్చిన ఆయన గ్రంథం ప్రకారం, ఎద్దులమీద ధాన్యం, ఉప్పు మోసి దక్కను సైన్యాలకూ సంతలకూ సరుకు చేర్చిన జనం వాళ్ళు. కొత్త రోడ్లూ రైళ్ళూ వచ్చి ఆ వృత్తిని తుడిచిపెట్టాయి. బ్రిటిషు పాలన, దాని ననుసరించి నైజాం పాలన వాళ్ళకు నేరస్థుల ముద్ర వేశాయి. బతకడానికి భూమి వెతుక్కుంటూ వాళ్ళు అడవి అంచులకు వచ్చారు. గోండు పొలం అంచుకు బయటివాణ్ణి తెచ్చిన రైలే, లంబాడా వీపుమీది బరువును లాక్కుని ఆయనను నేలకోసం తిరిగేవాణ్ణి చేసింది. జాబితాలో ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరినీ నిలబెట్టింది ఒకే చరిత్ర. ఇది చెప్పినంత మాత్రాన గోండు పోగొట్టుకున్న ఎకరం తిరిగిరాదు, జాబితా తగాదా తీరదు. కానీ ఇది తెలియకుండా ఆ తగాదా మీద కథ రాసే యువరచయిత తన కథలో విలన్‌ను తప్పు తండాలో వెతుకుతాడు.

అదే భూక్యా 2017లో దక్కను గోండుల చరిత్ర మీద మరో గ్రంథం వెలువరించాడు. గోండులు రాజ్యాలేలినవాళ్ళని, అడవిలో ఒంటరిగా ఉండిపోయిన ఆదిమజనం కాదని, వాళ్ళను అంచుకు నెట్టింది వలసరాజ్య ప్రక్రియేనని అందులో వాదించాడు. లంబాడా చరిత్రకారుడు గోండుల చరిత్ర రాసిన ఏడాదిలోనే గోండు లంబాడా ఘర్షణ జరిగింది. నా దృష్టిలో మన కాలపు విద్వత్తు చేసిన మంచి పనుల్లో ఆ పుస్తకం ఒకటి. ఇప్పటివరకు మన విమర్శ పత్రికలు దానికి ఇచ్చిన చోటు చాలదు.

ఈలోగా నార్నూరు మండలం గుంజాలలో మరొకటి బయటపడింది. గోండి భాషకు ఒక లిపి, ఆ లిపిలో చేతిరాత ప్రతులు. జయధీర్ తిరుమలరావు, హైదరాబాదు విశ్వవిద్యాలయ పరిశోధకులు వాటి మీద పనిచేశారు. అప్పటికి ఆ లిపి చదవగలిగినవాళ్ళు ఊళ్ళో కొద్దిమంది వృద్ధులే. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడులో చేరింది. హైమండార్ఫ్ వాచకాలకు దేవనాగరి ఎంచుకున్ననాడు, మార్లవాయికి ఎంతో దూరం లేని ఈ ఊళ్ళో గోండికి తన అక్షరాలున్నాయి. ఎలిజబెత్ హైమండార్ఫ్ 1987లో చనిపోయినప్పుడు ఆమెను మార్లవాయిలోనే ఖననం చేశారు. ఆయన అస్థికలు 2012లో అక్కడికే చేరాయి. గోండులు ఏటా అక్కడ వర్ధంతి జరుపుతారు. గుంజాలలో ఆ అక్షరాలు నేర్పే పంతుళ్ళు, నేర్చుకునే పిల్లలు ఇంకా వేళ్ళమీద లెక్కపెట్టేటంతమందే.